కార్టర్ జి. వుడ్సన్

కార్టర్ గాడ్విన్ వుడ్సన్ (1875 డిసెంబరు 19 - 1950 ఏప్రిల్ 3) సుప్రసిద్ధ అమెరికా చరిత్రకారుడు, ఉపాధ్యాయుడు, పత్రికా సంపాదకుడు, గ్రంథ ప్రచురణకర్త. ఆఫ్రికా సంతతి అమెరికన్ల చరిత్రను ఆధారాలతో, శాస్త్రీయ పద్ధతిలో అధ్యయనం చేసి, దానిని పాఠశాలల్లో బోధనాంశంగా నిలబెట్టిన వారిలో అగ్రగణ్యుడు. బానిసలుగా బ్రతికిన తల్లిదండ్రులకు జన్మించి, బొగ్గు గనుల్లో కూలిపని చేసి, ఇరవయ్యో ఏట ఉన్నత పాఠశాలలో చేరిన వుడ్సన్ 1912లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుండి చరిత్రలో డాక్టరేటు పొందాడు. 1926లో ఇతడు ప్రారంభించిన నీగ్రో చరిత్ర వారోత్సవమే తరువాతి కాలంలో ఏటా ఫిబ్రవరి మాసమంతా జరుపుకొనే నల్లజాతి చరిత్ర మాసంగా పరిణమించింది. అందువలన ఇతనిని నల్లజాతి చరిత్ర పితామహుడని పిలుస్తారు.

వుడ్సన్ జీవించిన కాలంలో ఆఫ్రికా సంతతి అమెరికన్లకు నీగ్రోలు అనే పేరు వాడుకలో ఉండేది. తరువాత ఆ పదం గౌరవప్రదం కాదని భావించి విడిచిపెట్టారు. ఈ వ్యాసంలో ఆ పదం సంస్థల, గ్రంథాల, ఉత్సవాల పేర్లలో మాత్రమే కనిపిస్తుంది.

బాల్యము

వుడ్సన్ వర్జీనియా రాష్ట్రంలోని బకింగ్‌హామ్ కౌంటీలో న్యూ కాంటన్ అనే ఊరిలో జన్మించాడు. తండ్రి జేమ్స్ హెన్రీ వుడ్సన్, తల్లి ఆన్ ఎలిజా రిడిల్. ఇద్దరూ బానిసత్వంలో పుట్టి పెరిగినవారే. 1865లో అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయిన తరువాత తండ్రి వడ్రంగం, వ్యవసాయం చేస్తూ పెద్ద కుటుంబాన్ని పోషించాడు. అతనికి చదవడం, వ్రాయడం రాదు. అయినా బిడ్డలకు ఆత్మగౌరవాన్ని నేర్పాడు. ఎవరితోనైనా మర్యాదగా మెలగాలనీ, ఎవరి ముందూ తనను తాను తక్కువ చేసుకోరాదనీ తండ్రి చెప్పిన బుద్ధులు వుడ్సన్ స్వభావంలో చివరి వరకు నిలిచాయి.

ఆ ప్రాంతంలో నల్లజాతి పిల్లల బడి ఏడాదిలో కొద్ది నెలలు మాత్రమే నడిచేది. మిగిలిన కాలమంతా పిల్లలు పొలం పనికి పోవలసిందే. ఆ ఒంటిగది బడిలో వుడ్సన్ మేనమామలు ఇద్దరు ఉపాధ్యాయులు. వారి వద్దనే ఇతనికి అక్షరాభ్యాసం జరిగింది. బడి లేని రోజుల్లో స్వయంకృషితో చదువుకొంటూ, తండ్రికి వార్తాపత్రికలు చదివి వినిపించేవాడు.

బొగ్గు గనులలో తొలి చరిత్ర పాఠము

యుక్తవయసులో వుడ్సన్ పని వెదుక్కొంటూ పశ్చిమ వర్జీనియా రాష్ట్రానికి వెళ్ళాడు. కొంతకాలం రైలుమార్గం వేసే పనిలో, ఆపైన ఫయెట్ కౌంటీలోని బొగ్గు గనుల్లో కూలీగా పనిచేసాడు. అక్కడ ఆలివర్ జోన్స్ అనే తోటి గని కార్మికునితో పరిచయం కలిగింది. జోన్స్ అంతర్యుద్ధంలో పోరాడిన మాజీ సైనికుడు. అక్షరం రాకపోయినా పుస్తకాలన్నా, వార్తాపత్రికలన్నా అతనికి ఎంతో ఆసక్తి. అతని ఇంటిలో పనివారి కోసం ఒక చిన్న ఫలహారశాల నడిచేది. సాయంకాలం అక్కడ చేరిన కార్మికులకు వుడ్సన్ పత్రికలు, గ్రంథాలు బిగ్గరగా చదివి వినిపించేవాడు. అందుకు ప్రతిఫలంగా పండ్లు, చిరుతిండి ఉచితంగా లభించేవి.

జోన్స్ ఇంటిలో నల్లజాతి రచయితలు తమ ప్రజల గురించి వ్రాసిన గ్రంథాలు కూడా ఉండేవి. అంతర్యుద్ధంలో ఉత్తర సైన్యం పక్షాన సుమారు 1,80,000 మంది నల్లజాతి సైనికులు పోరాడారు. అటువంటి సైనికులలో కొందరు ఆ గనుల్లోనే పనిచేస్తూ, యుద్ధంలో తాము చూసినవి, చేసినవి చెప్పుకొనేవారు. ఆనాటి పాఠ్యపుస్తకాలలో మాత్రం వారి ప్రస్తావన ఉండేది కాదు. చదువురాని మనుషుల జ్ఞాపకాలలో ఒక పెద్ద చరిత్ర దాగి ఉన్నదనీ, దానిని వ్రాసిపెట్టకపోతే ఆ మనుషులతోపాటే అంతరించిపోతుందనీ వుడ్సన్ అక్కడనే గ్రహించాడు. తన పరిశోధనా జీవితానికి బీజం ఆ గని కార్మికుల మధ్యనే పడిందని అతడు అర్ధశతాబ్దం తరువాత వ్రాసిన జ్ఞాపకాలలో తెలియజేసాడు.

విద్యాభ్యాసము, తొలి ఉద్యోగాలు

1895లో, ఇరవయ్యో ఏట, వుడ్సన్ హంటింగ్టన్ పట్టణంలోని డగ్లస్ ఉన్నత పాఠశాలలో చేరి, రెండు సంవత్సరాలలోనే చదువు పూర్తి చేసి 1897లో ఉత్తీర్ణుడయ్యాడు. తరువాత కెంటకీ రాష్ట్రంలోని బెరియా కళాశాలలో ప్రవేశించాడు. తెల్లవారు, నల్లవారు ఒకే తరగతిలో కూర్చుని చదువుకొనే బహుకొద్ది కళాశాలలలో అది ఒకటి. చేతిలో సొమ్ము చాలక మధ్యమధ్య చదువు ఆపి ఉద్యోగం చేస్తూ 1903లో పట్టం పుచ్చుకొన్నాడు. ఆ మరుసటి సంవత్సరమే కెంటకీ శాసనసభ ఉభయ జాతుల వారికి కలిపి చదువు చెప్పడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది.

ఉపాధ్యాయునిగా ఇతని మొదటి ఉద్యోగం ఫయెట్ కౌంటీలోని వినోనాలో, నల్లజాతి గని కార్మికులు తమ పిల్లల కోసం ఏర్పరచుకొన్న బడిలో. 1900లో తాను చదివిన డగ్లస్ ఉన్నత పాఠశాలకే ప్రధానోపాధ్యాయుడయ్యాడు. విద్యార్థిగా బయటకు వచ్చిన మూడేళ్ళకు అదే బడికి పెద్దగా తిరిగిరావడం ఆనాడు విశేషంగా చెప్పుకొనే సంగతి.

ఫిలిప్పీన్స్ అనుభవము

1903 చివరలో వుడ్సన్ ఫిలిప్పీన్స్ దీవులకు వెళ్ళాడు. స్పెయిన్ నుండి ఆ దీవులు 1898లో అమెరికా పాలనలోకి వచ్చాయి. అక్కడ ఉపాధ్యాయునిగా, పాఠశాలల పర్యవేక్షకునిగా, ఉపాధ్యాయులకు శిక్షకునిగా సుమారు మూడేళ్ళు పనిచేసాడు. స్థానికులతో మాట్లాడడానికి చికాగో విశ్వవిద్యాలయం వారి తపాలా పాఠాల ద్వారా స్పానిష్ భాష నేర్చుకొన్నాడు.

అమెరికా నుండి వచ్చిన ఉపాధ్యాయులు తమ దేశపు పాఠ్యపుస్తకాలనే అక్కడి పిల్లలకు చెప్పేవారు. ఆపిల్ చెట్టును ఎన్నడూ చూడని పిల్లలకు ఆపిల్ పాటలు, వారికి సంబంధం లేని అమెరికా నాయకుల కథలు బోధించడం వలన చదువు ఒంటబట్టేది కాదు. ఉపాధ్యాయ శిక్షణ లేని ఒక వ్యక్తి మాత్రం ఆ దీవులలో పెరిగే చెట్లు, పిల్లలు రోజూ చూసే వస్తువులు, వారి జాతీయ వీరుడైన జోస్ రిజాల్ జీవితం ఆధారంగా పాఠాలు చెప్పి మంచి ఫలితాలు సాధించాడు. వుడ్సన్ ఈ ఉదంతాన్ని తన గ్రంథంలో ప్రత్యేకంగా పేర్కొన్నాడు. పిల్లవాని సొంత జీవితం నుండి మొదలుకాని విద్య అతనికి పరాయిదిగానే మిగిలిపోతుందన్న ఇతని సిద్ధాంతానికి ఈ అనుభవం ఒక ముఖ్యమైన ఆధారం.

తిరుగు ప్రయాణంలో ఆసియా, ఐరోపా దేశాలను సందర్శించి, పారిస్ లోని సోర్బాన్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం చరిత్ర పాఠాలు విన్నాడు.

హార్వర్డ్ డాక్టరేటు, వాషింగ్టన్ పాఠశాలలు

1908లో చికాగో విశ్వవిద్యాలయం నుండి ఎం.ఏ. పట్టం పొంది, అదే సంవత్సరం హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 1909లో వాషింగ్టన్ నగరానికి వచ్చి ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయ ఉద్యోగం స్వీకరించాడు. పగలు బడిలో పాఠాలు చెప్పి, తీరిక వేళల్లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయంలో పరిశోధన సాగించేవాడు. అంతర్యుద్ధ కాలంలో వర్జీనియా రాష్ట్రం రెండుగా చీలిపోవడానికి దారితీసిన కారణాలపై వ్రాసిన సిద్ధాంత గ్రంథానికి 1912లో డాక్టరేటు లభించింది. హార్వర్డ్ నుండి ఆ పట్టం పొందిన రెండవ నల్లజాతీయుడు వుడ్సన్. మొదటివాడు 1895లో పొందిన డబ్ల్యు. ఇ. బి. డుబోయిస్.

ఇంతటి పట్టం ఉన్నా, నల్లజాతీయుడైన కారణంగా తెల్లవారి విశ్వవిద్యాలయాలలో అతనికి ఆచార్య పదవి దొరికే అవకాశం లేదు. అందుచేత ఎం స్ట్రీట్ ఉన్నత పాఠశాలలో ఫ్రెంచి, స్పానిష్, ఇంగ్లీషు, చరిత్ర బోధిస్తూ కొనసాగాడు. నల్లజాతి విద్యార్థులకు ప్రత్యేకించిన ఆ పాఠశాలలో ఇటువంటి ఉన్నత విద్యావంతులు మరికొందరు కూడా పనిచేసేవారు. విశ్వవిద్యాలయాలు కాదన్న పండితుల వలన ఆ పాఠశాల దేశంలోనే పేరుపొందింది. 1918లో వుడ్సన్ ఆ నగరంలోని ఆర్మ్‌స్ట్రాంగ్ పారిశ్రామిక శిక్షణ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడయ్యాడు.

చరిత్ర అధ్యయన సంఘము

1915లో బానిసత్వ నిర్మూలనకు యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా చికాగోలో పెద్ద ప్రదర్శన జరిగింది. నల్లజాతి ప్రజలు వేల సంఖ్యలో వచ్చి తమ పూర్వుల కృషిని తెలిపే వస్తువులను చూడడం వుడ్సన్ గమనించాడు. నల్లవారిని క్రూరులుగా, అజ్ఞానులుగా చూపించిన బర్త్ ఆఫ్ ఎ నేషన్ అనే చలనచిత్రం దేశమంతటా విజయవంతంగా ఆడినది కూడా ఆ సంవత్సరమే. ఒక ప్రజకు నమోదైన చరిత్ర లేకపోతే ఇతరులు వారి గురించి ఏమి చెప్పినా చెల్లుతుందని వుడ్సన్ అభిప్రాయం.

1915 సెప్టెంబరు 9న చికాగోలో వై.ఎం.సి.ఎ. భవనంలో కొద్దిమంది మిత్రులతో కలిసి అసోసియేషన్ ఫర్ ది స్టడీ ఆఫ్ నీగ్రో లైఫ్ అండ్ హిస్టరీ అనే సంఘాన్ని స్థాపించాడు. 1916 జనవరిలో జర్నల్ ఆఫ్ నీగ్రో హిస్టరీ అనే త్రైమాసిక పత్రికను ప్రారంభించాడు. తొలి సంచికకు అయిన ఖర్చును సొంత డబ్బుతో భరించాడు. పాత దస్తావేజులు, లేఖలు, జనాభా లెక్కలు, వీలునామాలు మొదలైనవి ప్రచురించి నల్లజాతి చరిత్రకు మూలాధారాలను సమకూర్చడం ఈ పత్రిక ప్రధాన సేవ.

విశ్వవిద్యాలయాల నుండి నిష్క్రమణ

1919లో వాషింగ్టన్ లోని హోవర్డ్ విశ్వవిద్యాలయం వుడ్సన్ ను డీన్ గా నియమించింది. అక్కడ నల్లజాతి చరిత్రలో బోధన ప్రారంభించి, స్నాతకోత్తర విద్యకు పునాది వేసాడు. కాని అధ్యక్షుడైన జె. స్టాన్లీ డర్కీతో పరిపాలనా విషయాలలో తీవ్రమైన విభేదాలు ఏర్పడడంతో ఒక్క సంవత్సరానికే, 1920లో, ఉద్యోగం ముగిసింది. ఆ వెంటనే వెస్ట్ వర్జీనియా కాలేజియేట్ ఇన్‌స్టిట్యూట్ లో డీన్ గా చేరి రెండేళ్ళు పనిచేసాడు.

1922లో వుడ్సన్ కళాశాల ఉద్యోగాన్ని శాశ్వతంగా విడిచిపెట్టాడు. అప్పటికి వయసు 46 సంవత్సరాలు. స్థిరమైన జీతం, పదవి వదులుకొని సంఘం పనికే అంకితం కావడం సాహసమే. ఒక కళాశాలలో ఉంటే కొన్ని వందల మందికి పాఠం చెప్పవచ్చును. పుస్తకాలు, పత్రికలు సిద్ధం చేస్తే దేశంలోని ప్రతి ఉపాధ్యాయునికీ సహాయపడవచ్చును. ఇతని తరువాతి జీవితమంతా ఈ రెండవ మార్గంలోనే సాగింది.

వాషింగ్టన్ లో తొమ్మిదవ వీధిలోని 1538 నంబరు ఇల్లు కొని, క్రింద సంఘ కార్యాలయం నడుపుతూ పై అంతస్తులో నివసించాడు. వివాహం చేసుకోలేదు. పెద్ద ప్రచురణ సంస్థలు నల్లజాతి చరిత్ర గ్రంథాలను స్వీకరించడానికి వెనుకాడుతుండగా 1921లో అసోసియేటెడ్ పబ్లిషర్స్ అనే సొంత ప్రచురణ సంస్థను నెలకొల్పాడు. కార్నెగీ, రాక్‌ఫెల్లర్ నిధుల నుండి కొంతకాలం విరాళాలు అందాయి. సంఘాన్ని ఏదైనా కళాశాలకు అనుబంధంగా చేయాలన్న దాతల సూచనను వుడ్సన్ అంగీకరించలేదు. 1930 దశకంలో ఆ విరాళాలు తగ్గిపోయాయి. ఆపైన సంఘాన్ని నిలబెట్టినది నల్లజాతి ఉపాధ్యాయులు, చర్చిలు, మహిళా సంఘాలు పంపిన చిన్న చిన్న చందాలే.

పాఠ్యపుస్తకాలు

1922లో వెలువడిన ది నీగ్రో ఇన్ అవర్ హిస్టరీ వుడ్సన్ గ్రంథాలలో విశేష ప్రచారం పొందినది. ఆఫ్రికాలోని ప్రాచీన రాజ్యాల నుండి తన కాలం వరకు నల్లజాతి చరిత్రను వివరించే ఈ గ్రంథం అనేక కళాశాలల్లో, ఉన్నత పాఠశాలల్లో పాఠ్యపుస్తకమయ్యింది. వుడ్సన్ జీవితకాలంలోనే ఎన్నోసార్లు సవరించి, పెంచి పునర్ముద్రించారు. ప్రాథమిక తరగతుల కోసం 1928లో నీగ్రో మేకర్స్ ఆఫ్ హిస్టరీ, ఉన్నత పాఠశాలల కోసం 1935లో ది స్టోరీ ఆఫ్ ది నీగ్రో రీటోల్డ్ వ్రాసాడు. పసిపిల్లల కోసం ఆఫ్రికా కథలను కూడా సంకలనం చేసాడు. ఒకే విషయాన్ని మూడు స్థాయిలలో మూడు విధాలుగా వ్రాయగలగడానికి ఇతని బోధనానుభవమే కారణం.

ఈ పుస్తకాలను బోధించడం దక్షిణ రాష్ట్రాల ఉపాధ్యాయులకు ప్రమాదంతో కూడిన పని. పాఠశాలల నిర్వహణ, పాఠ్యపుస్తకాల ఎంపిక తెల్లవారి అధీనంలో ఉండేవి. 1925లో ఓక్లహోమా రాష్ట్రంలోని మస్కోగీ పట్టణ పాఠశాల మండలి వుడ్సన్ గ్రంథాన్ని నిషేధించింది. లూసియానా రాష్ట్రంలో ఒక నల్లజాతి ఉపాధ్యాయురాలు 1930 దశకంలో వుడ్సన్ పుస్తకాన్ని ఒడిలో దాచుకొని, అందులోని భాగాలు తరగతికి చదివి వినిపించేది. అధికారి వచ్చినప్పుడు బల్లపై ఉంచిన ప్రభుత్వ పాఠ్యక్రమం వైపు చూపు మరల్చేది. ఉద్యోగం పోవచ్చునని తెలిసీ ఇటువంటి సాహసం చేసిన ఉపాధ్యాయులు ఎందరో ఉన్నారు. వుడ్సన్ కృషి గ్రంథాలయాలకే పరిమితం కాకుండా పిల్లలకు చేరినది వీరి వలననే.

చరిత్ర వారోత్సవము

1926 ఫిబ్రవరిలో వుడ్సన్ నీగ్రో చరిత్ర వారోత్సవాన్ని ప్రారంభించాడు. ఫిబ్రవరి 12 అబ్రహాం లింకన్ జన్మదినం, 14 బానిసత్వ వ్యతిరేక నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ జన్మదినం. నల్లజాతి ప్రజలు ఆ రెండు దినాలను అంతకు ముందు నుండే జరుపుకొంటున్నందున ఆ వారాన్నే ఎంపిక చేసాడు. సంఘం పాఠశాలలకు చిత్రపటాలు, కరపత్రాలు, చిన్న నాటకాలు, పాఠ్య ప్రణాళికలు పంపేది. కొన్ని రాష్ట్రాల విద్యాశాఖలు కూడా సహకరించాయి. కొద్ది సంవత్సరాలలోనే ఈ ఉత్సవం దేశమంతటా వ్యాపించింది.

అయితే సంవత్సరంలో ఒక్క వారం చరిత్ర చెప్పి ఊరుకోవడం వుడ్సన్ ఉద్దేశం కాదు. ఏడాది పొడుగునా నేర్చుకొన్నదానిని ప్రదర్శించే సందర్భంగా ఆ వారాన్ని భావించాడు. నల్లజాతి చరిత్ర అమెరికా చరిత్రలో సహజంగా కలిసిపోయి, ప్రత్యేక వారం అవసరం లేని రోజు రావాలని ఆశించాడు. వేదికలెక్కి పొగడ్తలతో సరిపెట్టే వక్తలను కఠినంగా విమర్శించేవాడు.

1937 అక్టోబరులో నీగ్రో హిస్టరీ బులెటిన్ అనే మాసపత్రికను ప్రారంభించాడు. పరిశోధక పత్రిక పండితులకు ఉపయోగపడగా, ఈ పత్రిక బడి పంతుళ్ళ కోసం, విద్యార్థుల కోసం ఉద్దేశించినది. సరళమైన భాషలో వ్యాసాలు, బొమ్మలు, పిల్లలకు ప్రశ్నలు ఇందులో ఉండేవి. 1936లో సంఘానికి అధ్యక్షురాలైన ప్రసిద్ధ విద్యావేత్త మేరీ మెక్లియోడ్ బెథ్యూన్ ఈ ప్రయత్నాన్ని ప్రోత్సహించింది.

విద్యపై అభిప్రాయాలు

1933లో ప్రచురించిన ది మిస్ ఎడ్యుకేషన్ ఆఫ్ ది నీగ్రో వుడ్సన్ రచనలలో నేటికీ ఎక్కువగా చదివే గ్రంథం. నల్లజాతి పిల్లలకు లభిస్తున్న విద్య వారికి తమ వారిపైనే చిన్నచూపు కలిగిస్తున్నదని ఇందులో వాదించాడు. తాను తక్కువవాడినని ఒకనికి బడిలోనే నమ్మకం కలిగిస్తే, అతనిని అణచడానికి వేరే బలప్రయోగం అవసరం ఉండదని అతని తర్కం. చదువుకొన్నవారు తమ సమాజానికి దూరమై, పదవుల వెంట పడుతున్నారని కూడా విమర్శించాడు. ఈ విమర్శ తెల్లవారి పాలనపై ఎంత ఉన్నదో, నల్లజాతి విద్యావంతులపైనా అంతే ఉన్నది. అందువలన సొంత వర్గం నుండే ఇతనికి వ్యతిరేకత ఎదురైంది.

వ్యక్తిత్వము

వుడ్సన్ క్రమశిక్షణకు, కఠినమైన మాటకు పేరుపడ్డాడు. తనవలెనే ఇతరులూ రాత్రింబగళ్ళు శ్రమించాలని ఆశించడం వలన సహాయకులు ఎక్కువకాలం నిలిచేవారు కాదు. కవి లాంగ్‌స్టన్ హ్యూస్ 1925లో కొంతకాలం ఇతని వద్ద పనిచేసి, వేలాది పేర్లను అక్షరక్రమంలో అమర్చిన అనుభవాన్ని తన ఆత్మకథలో వర్ణించాడు. రచయిత్రి జోరా నీల్ హర్స్టన్, చరిత్రకారుడు లొరెంజో గ్రీన్ కూడా సంఘం తరఫున పరిశోధన చేసారు. వుడ్సన్ రచనలలో సమాచారం సమృద్ధిగా ఉన్నా, కథనం, విశ్లేషణ తక్కువని కొందరు విద్వాంసులు అభిప్రాయపడ్డారు. అయితే తరువాతి చరిత్రకారులు తమ గ్రంథాలకు అతడు సేకరించిన ఆధారాలపైనే ఎంతగానో ఆధారపడ్డారు.

మరణము, తదనంతర గుర్తింపు

1926లో నల్లజాతి ప్రజల అభ్యున్నతికి చేసిన కృషికి ఇచ్చే స్పింగార్న్ పతకం వుడ్సన్ ను వరించింది. ఆఫ్రికా సంతతి ప్రజల గురించి ఒక బృహత్ విజ్ఞాన సర్వస్వాన్ని తయారు చేయాలని తలపెట్టాడు కాని అది పూర్తి కాలేదు. 1950 ఏప్రిల్ 3న వాషింగ్టన్ లోని స్వగృహంలో గుండెపోటుతో మరణించాడు. మేరీలాండ్ లోని లింకన్ స్మారక శ్మశానవాటికలో అంత్యక్రియలు జరిగాయి.

1970లో కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఫిబ్రవరి మాసమంతా ఉత్సవం జరిపారు. వారోత్సవానికి యాభై ఏళ్ళు నిండిన 1976లో అమెరికా అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ నల్లజాతి చరిత్ర మాసానికి అధికారిక గుర్తింపునిచ్చాడు. బ్రిటన్ లో 1987 నుండి అక్టోబరులో దీనిని జరుపుతున్నారు. 1984లో అమెరికా తపాలా శాఖ వుడ్సన్ స్మారక బిళ్ళను విడుదల చేసింది. తొమ్మిదవ వీధిలోని అతని ఇంటిని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. వుడ్సన్ స్థాపించిన సంఘం, పరిశోధక పత్రిక తరువాతి కాలంలో పేర్లు మార్చుకొని కొనసాగుతున్నాయి.

ముఖ్య రచనలు

ది ఎడ్యుకేషన్ ఆఫ్ ది నీగ్రో ప్రయర్ టు 1861 (1915) - బానిసత్వ కాలంలో నల్లజాతి ప్రజల విద్య
ఎ సెంచరీ ఆఫ్ నీగ్రో మైగ్రేషన్ (1918) - దక్షిణ రాష్ట్రాల నుండి వలసల చరిత్ర
ది హిస్టరీ ఆఫ్ ది నీగ్రో చర్చ్ (1921) - నల్లజాతి క్రైస్తవ సంఘాల చరిత్ర
ది నీగ్రో ఇన్ అవర్ హిస్టరీ (1922) - పాఠ్యగ్రంథం
నీగ్రో మేకర్స్ ఆఫ్ హిస్టరీ (1928) - ప్రాథమిక తరగతుల పాఠ్యపుస్తకం
ది రూరల్ నీగ్రో (1930) - గ్రామీణ జీవన పరిశీలన
ది మిస్ ఎడ్యుకేషన్ ఆఫ్ ది నీగ్రో (1933) - విద్యా విధాన విమర్శ
ది స్టోరీ ఆఫ్ ది నీగ్రో రీటోల్డ్ (1935) - ఉన్నత పాఠశాల పాఠ్యపుస్తకం
ఆఫ్రికన్ హీరోస్ అండ్ హీరోయిన్స్ (1939) - ఆఫ్రికా వీరుల, వీరవనితల చరిత్రలు